కమీషన్ లెక్క ఎవరి పుస్తకంలో?

ఈ మధ్య మా గూడూరు పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు మారాయి. ఇంద్రధనుస్సు ఎందుకు వంగి ఉంటుందనీ, మెరుపు ముందొచ్చి ఉరుము వెనక ఎందుకొస్తుందనీ అడిగేవాళ్లు ఇప్పుడు ఫోను చేతికిచ్చి "ఇదెట్ల పనిచేస్తుంది తాతా?" అంటున్నారు. గూడూరంటే రైల్వే జంక్షన్ ఉన్న గూడూరు అనుకునేరు. మాది కర్నూలు జిల్లాలో కోడుమూరు పక్కనుండే గూడూరు. మగ్గం చప్పుడు వినిపించే వీధులు ఇక్కడ ఇంకా ఉన్నాయి.

అట్లాంటి వీధి నుంచే ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. చీరలవీ, ఎమ్మిగనూరు దుప్పట్లవీ చిన్న చిన్న వీడియోలు తీసి, ఏ ఆన్‌లైన్ దుకాణంలో దొరుకుతాయో కింద లింకు పెడుతుంది. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే దుకాణం వాళ్లు నూటికి ఇంతని ఆమెకు ఇస్తారు. అఫిలియేట్ మార్కెటింగ్ అంటే ఇదే.

"డల్లాస్‌లో ఉండే మా అత్త నా లింకు నొక్కే చీర కొనింది తాతా. బిల్లు ఫొటో కూడా పంపింది. నా ఖాతాలో మాత్రం సున్నా. నా కమీషన్ యాడికి పోయింది?"

"మీ అత్త చేతిలో ఏ ఫోనుంది తల్లీ?"

"ఐఫోను."

సగం జవాబు అందులోనే ఉంది. మిగతా సగం కొంచెం పొడుగు. ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను, తీరిగ్గా వినండి.

ముందుగా ఒక సంగతి. వెబ్‌కు పుట్టుకతో జ్ఞాపకశక్తి లేదు. 1990 ప్రాంతంలో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని తయారు చేసింది శాస్త్రవేత్తలు తమ కాగితాలు ఒకరికొకరు అందించుకోవడానికి. అడిగితే సర్వర్, అంటే పేజీలు అందించే కంప్యూటర్, పేజీ ఇస్తుంది, అంతటితో సంబంధం తెగిపోతుంది. మరుక్షణం అదే మనిషి ఇంకో పేజీ అడిగితే, ఇందాక వచ్చింది ఈయనే అని దానికి తెలియదు. చదువుకోవడానికి ఈ ఏర్పాటు చాలు. కొనుక్కోవడానికి చాలదు. చీరను బుట్టలో వేసుకుని డబ్బు కట్టే పేజీకి వెళ్లేలోపు ఆ బుట్ట ఎవరిదో సర్వర్ మరిచిపోతే బేరం ఎట్లా సాగుతుంది?

దీనికి 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ అనే 23 ఏళ్ల ఇంజినీరు ఒక ఉపాయం చెప్పాడు. సర్వర్ పేజీతో పాటు ఒక చిన్న అక్షరాల ముక్కను కూడా పంపుతుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుంటుంది. మళ్లీ అదే సైటుకు వెళ్లినప్పుడల్లా ఆ ముక్కను తనంతట తానే చూపిస్తుంది. సర్వర్ దాన్ని చూసి "ఓహో, ఇందాకటి మనిషే" అనుకుంటుంది. ఆ ముక్కే కుకీ. సుమారు 4 కిలోబైట్లకు మించదు. ఎన్నాళ్లు బతకాలో గడువు కూడా దానిమీదే రాసి ఉంటుంది. అందులో నడిచే ప్రోగ్రామేమీ ఉండదు, వైరస్ అసలే కాదు.

దీనికి మాంటుల్లీ ఒక కట్టుబాటు పెట్టాడు. ఏ సైటు ఇచ్చిన కుకీని ఆ సైటుకే చూపాలి, పక్క సైటుకు చూపకూడదు. చాలా మంచి కట్టుబాటు. అయితే దానికి ఒక పక్కదారి మిగిలిపోయింది. ఒక వెబ్ పేజీలో బొమ్మలు, ప్రకటనలు వేరే సైట్ల నుంచి తెచ్చి పెట్టుకోవచ్చు. మీరు దుకాణం పేజీ తెరుస్తారు, అందులో ఒక మూల ఉన్న బొమ్మ ఇంకెవరి సర్వర్ నుంచో వస్తుంది. ఆ బొమ్మను తెచ్చేటప్పుడు బ్రౌజర్ ఆ ఇంకెవరివో కుకీలను వాళ్లకు చూపిస్తుంది. మీరు వాళ్ల సైటుకు ఎప్పుడూ పోలేదు, వాళ్ల పేరు కూడా వినలేదు. వాళ్లు మాత్రం మిమ్మల్ని గుర్తుపడతారు. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు. మీరు తెరిచిన సైటు తనంతట తాను పెట్టుకునేవి ఫస్ట్ పార్టీ కుకీలు. ఈ రెండింటి తేడా గుర్తుపెట్టుకోండి, ఇక చెప్పబోయేదంతా దానిమీదే నిలబడి ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి లింకు ప్రయాణం చూద్దాం. చాలామంది అనుకున్నట్టు ఆ లింకు నేరుగా దుకాణానికి పోదు. నడుమ ఒక లెక్కల కంపెనీ ఉంటుంది, అఫిలియేట్ నెట్‌వర్క్ అంటారు. డల్లాస్ అత్త లింకు నొక్కగానే ముందు ఆ నెట్‌వర్క్ సర్వర్‌కు పోతుంది. అక్కడ రెప్పపాటులో, "ఈమెను గూడూరు అమ్మాయి పంపింది, తేదీ ఇది" అని అర్థం వచ్చే ఒక నంబరును కుకీగా అత్త ఫోనులో పెట్టి, ఆమెను దుకాణానికి మళ్లిస్తారు. నడుమ ఇంత జరిగినట్టు అత్తకు తెలియను కూడా తెలియదు. ఆమె చీర ఎంచుకుంటుంది, డబ్బు కడుతుంది, "మీ ఆర్డరు అందింది, ధన్యవాదాలు" అనే పేజీ వస్తుంది. ఆ పేజీలో కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది. అడ్డం ఒక చుక్క, నిలువు ఒక చుక్క, అంతే. పిక్సెల్ అంటారు. అది నెట్‌వర్క్ సర్వర్ నుంచి రావాలి. దాన్ని తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు బ్రౌజర్ ఇందాకటి కుకీని నెట్‌వర్క్‌కు చూపిస్తుంది. నంబరు కలుస్తుంది. గూడూరు అమ్మాయి ఖాతాలో కమీషన్ పడుతుంది.

పడాలి. కానీ అత్త ఐఫోనులో సఫారీ బ్రౌజర్ ఆ పిక్సెల్‌ను తెచ్చింది, కుకీని మాత్రం చూపలేదు. దుకాణం పేజీలో నెట్‌వర్క్ అనేది మూడో మనిషి. మూడో మనిషికి కుకీ చూపకూడదని సఫారీ నియమం. నెట్‌వర్క్‌కు అందిన కబురల్లా ఎవరో ఒకరు ఏదో ఒక చీర కొన్నారని. ఎవరు పంపగా వచ్చారో తెలియదు. అమ్మకం జరిగింది, దుకాణానికి డబ్బు అందింది, దారి చూపిన మనిషి పేరు మాత్రం రాలిపోయింది.

మా ప్రాంతం వాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఆదోని మార్కెట్ యార్డును తలుచుకోవాలి. పత్తి, వేరుశనగ, ఆముదం తీసుకుని రైతు అక్కడికి పోతాడు. కమీషన్ ఏజెంటు ఉంటాడు, కొనే వ్యాపారి ఉంటాడు, కాటా ఉంటుంది. బేరం తెగి తూకం అయ్యాక తక్‌పట్టీ రాస్తారు. రైతు పేరు, సరుకు, తూకం, ధర, ఖర్చులు అన్నీ అందులో ఉంటాయి. ఏజెంటు కమీషన్ ఆ లెక్కలో పడుతుంది, వ్యాపారి జేబులో పెట్టి పంపిన చీటీ మీద ఆధారపడదు. ఆన్‌లైన్ కమీషన్‌కు మాత్రం ఆరంభం నుంచీ ఆధారం జేబులో చీటీయే. కొనేవాడు దాన్ని పోగొట్టుకోకుండా, చొక్కా మార్చకుండా, కౌంటరు దగ్గర తీసి చూపిస్తేనే మధ్యవర్తికి కూలి. ఇరవై ఏళ్లపాటు ఈ ఏర్పాటు నడిచిందంటే ఆ చొక్కా ఎవరూ ఉతకలేదు కాబట్టే. ఇప్పుడు బ్రౌజర్లు ఉతకడం మొదలుపెట్టాయి.

ఎందుకు మొదలుపెట్టాయో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కమీషన్ పోగొట్టుకున్న పిల్లలు బ్రౌజర్లను తిడుతుంటారు. నేను మాత్రం ఈ విషయంలో బ్రౌజర్ల పక్షమే. కమీషన్ లెక్కకు వాడిన ఆ కనపడని చుక్కనే ప్రకటనల కంపెనీలు వేలాది సైట్లలో పెట్టాయి. ఒకామె రాత్రిపూట గర్భసంచిలో గడ్డల గురించి చదువుతుంది. ఒక రైతు అప్పు కట్టలేకపోతే బ్యాంకు ఏం చేస్తుందో వెతుకుతాడు. ఇంట్లో పక్కవాళ్లకు కూడా చెప్పుకోని సంగతులవి. అన్ని సైట్లలోనూ ఒకే కంపెనీ చుక్క ఉంటే, ఆ కంపెనీ దగ్గర ఆ మనిషి బతుకంతా వరసగా పేర్చి ఉంటుంది. ఈ ప్రమాదం ఇంజినీర్లకు ముందే తెలుసు. కుకీల మీద 1997 ఫిబ్రవరిలో వచ్చిన మొట్టమొదటి ప్రామాణిక పత్రంలోనే, ఇలా మూడో మనిషికి కుకీలు పోవడాన్ని మామూలుగా ఆపి ఉంచాలని రాశారు. ఆ పత్రం రాసిన ఇద్దరిలో మాంటుల్లీ ఒకడు. అప్పటి పెద్ద బ్రౌజర్లు ఆ మాటను పాటించలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆపిల్ గట్టిగా పూనుకుంది. 2017లో సఫారీలో, కుకీలతో జనాన్ని వెంబడించడాన్ని అడ్డుకునే ఏర్పాటు తెచ్చింది. ఏటేటా బిగిస్తూ పోయి 2020 మార్చికల్లా థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 2019లో, ఇట్లా జనాన్ని వెంబడించేవాటిలో (ట్రాకర్లు అంటారు) తనకు తెలిసినవాటి కుకీలను ఆపింది, 2022లో ప్రతి సైటుకు వేరే వేరే కుకీల డబ్బా ఇచ్చింది. ఇక క్రోమ్ కథ వేరు. రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది. వాయిదాల మీద వాయిదాలు వేసింది. 2024 జనవరిలో నూటికి ఒకరి దగ్గర ఆపి చూసింది. ఆ ఏడాది జులైలో అసలు తీసేయబోమని మాట మార్చింది. 2025 ఏప్రిల్‌లో కొత్తగా అనుమతి అడిగే ఏర్పాటు కూడా పెట్టడం లేదని తేల్చింది. అయినా క్రోమ్ ఇన్‌కాగ్నిటో కిటికీలో థర్డ్ పార్టీ కుకీలు ఇప్పటికీ పనిచేయవు.

దీనివల్ల మన పిల్లలకు ఒక చిత్రమైన పరిస్థితి వచ్చింది. ఎమ్మిగనూరులో, ఆదోనిలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు, వాటిలో క్రోమ్. కాబట్టి ఊళ్లోవాళ్లు కొంటే పాత పద్ధతిలోనూ లెక్క చాలావరకు కలుస్తుంది. పట్టుచీర మీద పెద్ద మొత్తం పెట్టే చుట్టాలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. అమెరికాలో ఐఫోన్లే ఎక్కువ. ఐఫోనులో క్రోమ్ పెట్టుకున్నా లోపలి ఇంజను సఫారీదే, కాబట్టి అక్కడా తప్పించుకోలేరు. అంటే చిన్న అమ్మకాల కమీషన్ వస్తుంది, పెద్ద అమ్మకాలది జారిపోతుంది. 6,000 రూపాయల చీర, నూటికి 5 కమీషన్ అనుకుందాం. ఒక్క చీర మీద 300. అట్లాంటివి పది పోతే 3,000. డిగ్రీ చదివే పిల్లకు అది చిన్న మొత్తం కాదు.

మరి కాపాడుకోవడం ఎట్లా? దారి ఉంది, దొంగదారి కూడా కాదు. లింకులోనే ఒక నంబరు పంపాలి. క్లిక్ ఐడీ అంటారు. అత్త లింకు నొక్కగానే నెట్‌వర్క్ ఆ నొక్కుడుకు ఒక నంబరిచ్చి, దుకాణం చిరునామాకు తోకలా తగిలించి పంపుతుంది. చిరునామాలో ప్రశ్నార్థకం గుర్తు తర్వాత పొడుగ్గా ఉండే అక్షరాలను చూసే ఉంటారు, అదే తోక. దుకాణం సర్వర్ ఆ నంబరును చదివి తన సొంత కుకీలో రాసుకుంటుంది. సొంత సైటు కుకీ కాబట్టి అది ఫస్ట్ పార్టీ, బ్రౌజర్‌కు అభ్యంతరం లేదు. అత్త డబ్బు కట్టినప్పుడు దుకాణం ఆ నంబరును ఆర్డరు పక్కన తన డేటాబేసులో రాస్తుంది. తర్వాత దుకాణం సర్వరే నేరుగా నెట్‌వర్క్ సర్వర్‌కు కబురు పంపుతుంది: "ఈ నంబరు మీద ఇంత అమ్మకం జరిగింది." పోస్ట్‌బ్యాక్ అనేది దీన్నే. ఈ కబురు అత్త ఫోను గుండా పోనే పోదు. పిక్సెల్ అక్కర్లేదు, మూడో మనిషి కుకీ అక్కర్లేదు. పైగా అత్త ఏ మందుల గురించి చదివిందో, ఏ వార్త చూసిందో ఎవరికీ తెలియదు. కమీషన్‌కు కావలసింది మూడే మూడు సంగతులు: నంబరు, మొత్తం, తేదీ.

ఇందులోనూ ఒక మెలిక ఉంది, అక్కడ చాలా దుకాణాలు తప్పటడుగు వేస్తున్నాయి. ఫస్ట్ పార్టీ కుకీని రెండు రకాలుగా రాయవచ్చు. పేజీలో నడిచే జావాస్క్రిప్ట్‌తో రాయవచ్చు, లేదా సర్వర్ తానే పేజీతో పాటు పంపవచ్చు. మొదటిది సులువు, ఎవరో ఇచ్చిన నాలుగు వరసలు అతికిస్తే సరి. కానీ 2019 నుంచి సఫారీ అలా రాసిన కుకీని 7 రోజుల్లో చెరిపేస్తోంది. ట్రాకర్‌గా తను ముద్ర వేసిన సైటు నుంచి తోక తగిలించుకుని వచ్చిన మనిషైతే 24 గంటలే. మన ఆడవాళ్లు పట్టుచీర 24 గంటల్లో కొంటారా? ఇవ్వాళ చూస్తారు, అక్కకు ఫొటో పంపుతారు, రంగు గురించి వాదించుకుంటారు, సంక్రాంతికో పెళ్లికో ఆలోచించి మూడు వారాలకు కొంటారు. ఒప్పందం కాగితం మీద 30 రోజుల గడువు రాసి ఉంటుంది, ఫోనులో కుకీ మాత్రం ఏడో రోజే చచ్చిపోయి ఉంటుంది. నడుమ ఆమె ఆ సైటుకు మళ్లీ వస్తే గడువు పొడిగించుకునే వీలుంది, రాకపోతే లేదు. అందుకే సర్వర్ తానే కుకీ పంపే పద్ధతి మేలు. ఇంకా మేలైనది, అత్త ఆ సైటులో లాగిన్ అయినప్పుడో, చీరను నచ్చినవాటి జాబితాలో పెట్టుకున్నప్పుడో ఆ నంబరును ఆమె ఖాతా పక్కనే రాసిపెట్టుకోవడం. అప్పుడు కుకీ చచ్చినా లెక్క బతుకుతుంది.

దీనికి దొడ్డిదారులు వెతికినవాళ్లూ ఉన్నారు. నెట్‌వర్క్ సర్వర్‌కు దుకాణం ఇంటిపేరు తగిలించి, ఇది కూడా మా ఇంటిదే అని బ్రౌజర్‌ను నమ్మించే పద్ధతి ఒకటి వచ్చింది. 2020లో సఫారీ దాన్నీ పట్టుకుని, అట్లాంటి కుకీలకూ 7 రోజుల గడువే పెట్టింది. కుకీ లేకుండా ఫోను తెర కొలత, ఫాంట్లు, గడియారం ఇవన్నీ కలిపి మనిషిని గుర్తుపట్టే పద్ధతి ఇంకొకటి. వేలిముద్ర తీసినట్టే కాబట్టి ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. కొనేవాడికి చెప్పకుండా వేలిముద్ర తీసేవాడితో జట్టు కట్టవద్దని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పాను. మీకూ చెబుతున్నాను.

జేబులో చీటీ పద్ధతి ఎంత బలహీనమో తెలియాలంటే ఈబే అనే ఆన్‌లైన్ అంగడి కేసు తెలుసుకోవాలి. ఈబేకు అఫిలియేట్లుగా పనిచేసిన వాళ్లలో అందరికంటే ఎక్కువ కమీషన్ తీసుకుంటున్న షాన్ హోగన్, ఆ తర్వాతి స్థానంలో ఉన్న బ్రయన్ డనింగ్ అనే ఇద్దరు, ఎవరూ లింకు నొక్కకుండానే జనం కంప్యూటర్లలో ఈబే కుకీలు దూర్చేశారు. ఆ జనంలో కొందరు తర్వాత తమంతట తాము ఈబేకు పోయి ఏదో ఒకటి కొంటారు కదా, ఆ కమీషన్ వీళ్లకు పడేది. కుకీ స్టఫింగ్ అంటారు దీన్ని. ఈబే 2008లో దావా వేసింది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా రంగంలోకి దిగింది. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. 2014లో హోగన్‌కు 5 నెలలు, డనింగ్‌కు 15 నెలలు జైలు పడింది. ఈ డనింగ్ సైన్సు విషయాల మీద, మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పాడ్‌కాస్ట్ నడిపిన మనిషి. జనానికి సైన్సు చెప్పే మనిషే ఇట్లా చేశాడని చదివినప్పుడు నాకు నిజంగా కష్టమనిపించింది. వీళ్లు దూర్చిన ప్రతి దొంగ కుకీ, ఎక్కడో నిజాయతీగా లింకు పెట్టిన ఇంకొకరి కమీషన్‌ను చెరిపి ఉండవచ్చు. ఎందుకంటే ఈ లెక్కలో ఎక్కువ దుకాణాలు పాటించే నియమం ఒకటే: చివర ఎవరి లింకు ఉంటే డబ్బు వారిదే.

ఈ చివరి లింకు నియమం మీదే 2024 డిసెంబరులో ఇంకో పెద్ద గొడవ లేచింది. హనీ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉంది, కూపన్లు వెతికి పెడుతుంది. 2020లో పేపాల్ దాన్ని సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. సరిగ్గా డబ్బు కట్టే పేజీ దగ్గర అది ముందున్న వీడియో చేసినవారి లింకును తప్పించి తన లింకు పెట్టుకుంటోందని ఒక యూట్యూబర్ ఆరోపించాడు. కోర్టుల్లో దావాలు పడ్డాయి. 2025 మార్చిలో గూగుల్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చింది. వాడేవాళ్లకు నేరుగా, తెలిసేట్టుగా లాభం లేకుండా అఫిలియేట్ కోడ్లు చొప్పించకూడదంది. ఆరోపణల సంగతి కోర్టులు తేలుస్తాయి. చివరి నిమిషంలో ఎవరైనా చెరిపేయగల చోట కూలి లెక్క రాసుకోవడం మాత్రం తెలివైన పని కాదని ఇప్పటికే తేలింది.

ఇక మన ఊళ్లలో కమీషన్ పోవడానికి బ్రౌజర్ నియమాల కంటే మామూలు కారణాలే ఎక్కువ అని నా అనుమానం. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే పేజీ ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. ఆ లోపలి బ్రౌజర్ కుకీల డబ్బా వేరు, మీ క్రోమ్ డబ్బా వేరు. అక్కడ చూసి, బయటికొచ్చి క్రోమ్‌లో కొంటే రెండింటికీ సంబంధం తెగిపోతుంది. మరికొందరు లింకును వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు తోక చూడటానికి బాగాలేదని ప్రశ్నార్థకం దగ్గర కోసేస్తారు. కమీషన్ అంతా ఆ తోకలోనే ఉందని వాళ్లకు తెలియదు. ఐఫోను కూడా 2023 నుంచి మెయిల్‌లో, మెసేజుల్లో, సఫారీ ప్రైవేటు కిటికీలో కొన్ని పేరుమోసిన ప్రకటనల తోకలను తానే కోస్తోంది. అమెజాన్ లాంటి చోట లింకు నేరుగా అమెజాన్ చిరునామాకే పోతుంది, మీ గుర్తు ఆ చిరునామాలోనే ఉంటుంది. అక్కడ థర్డ్ పార్టీ కుకీల బెడద పెద్దగా లేదు. అక్కడి చిక్కు గడువుది. లింకు నొక్కిన 24 గంటల్లో బుట్టలో వేసుకోవాలి, లేకపోతే లెక్కలోకి రాదు. అందుకే, కమీషన్ రాలేదనగానే కుకీలను తిట్టకుండా ఏ మెట్టు దగ్గర జారిందో చూడమంటాను.

చూడటం కష్టం కూడా కాదు, ఇంట్లోనే చేయగల ప్రయోగం. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఇన్‌కాగ్నిటో కిటికీలో మీ లింకు నొక్కండి. ఎఫ్12 మీట నొక్కితే పక్కన ఒక పలక తెరుచుకుంటుంది. అందులో అప్లికేషన్ అనే చోట కుకీల జాబితా ఉంటుంది. దుకాణం సొంత పేరు మీద క్లిక్ ఐడీ ఉన్న కుకీ కనపడుతుందా? దాని గడువు తేదీ ఎంత? ఒప్పందంలో రాసిన గడువుతో సరిపోతుందా? తర్వాత అదే లింకును ఐఫోను సఫారీలో, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో, ఇన్‌స్టాగ్రామ్ లోపల ఒక్కోసారి నొక్కి, నెట్‌వర్క్ ఖాతాలో ఏ నొక్కుడు నమోదైందో రాసుకోండి. సొంత లింకు మీద సొంతంగా కొనడం చాలాచోట్ల నిబంధనలకు విరుద్ధం, కాబట్టి పరీక్ష ఆర్డరు కావాలంటే దుకాణం వాళ్లతో మాట్లాడి చేయించుకోవాలి. ఇట్లా రాసుకున్న కాగితం చేతిలో ఉంటే దుకాణం వాళ్లతో మాట్లాడేటప్పుడు మీ మాటకు బలం ఉంటుంది.

ఇంతకంటే పాతది, ఇంతకంటే గట్టిది ఇంకో పద్ధతుంది. కూపన్ కోడు. అమ్మాయి పేరు మీద ఒక కోడు ఇస్తారు. కొనేవారు దాన్ని వేస్తే వాళ్లకు కాస్త తగ్గింపు, ఈమెకు కమీషన్. ఏ ఫోనైనా, ఏ బ్రౌజరైనా, చివరికి ఫోను చేసి ఆర్డరు చెప్పినా పనిచేస్తుంది. దానికున్న లోపం ఒకటే, కోడు బయటికి పొక్కితే కూపన్ల సైట్లు ఎత్తుకుపోతాయి, ఎవరు పంపినా ఈమె ఖాతాలో పడుతుంది, దుకాణం వాళ్లు అనుమానిస్తారు. మూడు నెలలకోసారి కోడు మారిస్తే చాలావరకు సరిపోతుంది. డల్లాస్ అత్తకు మాత్రం లింకుతో పాటు కోడు కూడా పంపమని చెప్పాను.

కొనేవాళ్ల పట్ల మన బాధ్యత కూడా చెప్పుకోవాలి. ఈ లింకు మీద నాకు కమీషన్ వస్తుంది అని వీడియోలోనే స్పష్టంగా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది ఉంది. అదే ఏడాది ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కుకీ పనిచేయడం లేదని కొనేవాళ్ల ఫోను నంబర్లు, మెయిళ్లు వాళ్లనడక్కుండా నెట్‌వర్క్‌కు పంపించే దుకాణాలుంటే వాటికి దూరంగా ఉండటం మంచిది. క్లిక్ నంబరుతో తీరే లెక్కకు మనిషి వివరాలు ఎందుకు?

చివరగా మా ప్రాంతం చేనేత సంఘాల వాళ్లకు, ఆన్‌లైన్ దుకాణం తెరిచిన నేతగాళ్ల పిల్లలకు ఒక మాట. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘం పెట్టినప్పుడు, నేసేవాడి కష్టం మధ్యలో మాయం కాకూడదన్నదే ఆ ప్రయత్నం వెనకున్న తపన. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ చీర నేసేవాళ్లతో పాటు, ఆ చీరను డల్లాస్ దాకా చూపించే ఈ అమ్మాయిలాంటి వాళ్ల కష్టం కూడా ఉంది. దాన్ని కాపాడటానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. మీ వెబ్‌సైటు తయారు చేసే కుర్రాడికి చెప్పి ఆర్డర్ల పట్టికలో ఒక గడి పెంచండి, అందులో క్లిక్ ఐడీనో కూపన్ కోడో రాయించండి. గడువు ఎన్ని రోజులో, చీర తిరిగొస్తే కమీషన్ ఏమవుతుందో ఒప్పందంలో తెలుగులో రాయండి. నెలకోసారి ఆ పట్టికను దారి చూపినవాళ్లకు చూపించండి. కమీషన్ ఇస్తామని మాటిచ్చింది మీరు కాబట్టి, లెక్క మీ పుస్తకంలోనే ఉండాలి.